బోణీ కాకముందు

పదిహేనేళ్లు వచ్చేదాకా పరాయి మనిషితో ఒక్క పూర్తి వాక్యం మాట్లాడిన గుర్తు నాకు లేదు. సిగ్గనుకునేరు, సిగ్గు కాదు, భయం. సిగ్గయితే మొహం వేడెక్కుతుంది. నాకు కాళ్లు చల్లబడేవి. బడికి తనిఖీకి వచ్చిన ఆయన ఒకసారి నన్ను లేపి, మీదే ఊరమ్మా అని అడిగాడు. తిరుపతి అని చెప్పడానికి ఎంత చదువు కావాలి? నేను చెప్పలేదు. ఆయన విసుగొచ్చి పక్క పిల్లను అడిగేదాకా అలాగే నిలబడ్డాను. ఆ సంగతి సాయంత్రానికల్లా నాయన చెవిన పడింది.

నాయన గుడి ఆఫీసులో క్లర్కు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, గట్టిగా నవ్వే మనిషీ కాదు. పదో తరగతి నేను మంచి మార్కులతో పాసయినప్పుడు కూడా మార్కుల కాగితం రెండుసార్లు చూసి, మడిచి, దేవుడి పటం కింద పెట్టాడు. నేను కాలేజీ దరఖాస్తు మాట ఎత్తాను. ఇంట్లో వాళ్లతో నాకు మాటలు బాగానే వచ్చేవి లెండి.

"మార్కులు సరే అమ్మణ్ణీ. నోరు తెరవలేనిదాన్ని ఊరి మీదికి ఎట్ల పంపేది?" అన్నాడు నాయన. "ఎవుడన్నా దారికడ్డమొచ్చి ఒక మాటంటే బదులు చెప్పుకుంటావా నువ్వు?"

నేను ఏమీ అనలేదు. అనలేకపోవడమే ఆయన మాటకు సాక్ష్యమయింది.

డెబ్బయ్యో దశకం చివరి వేసవి అది. మా ఊరి వర్తకులు కొందరు కలిసి పదో తరగతి అయిన పిల్లలకు ఆదివారం ఆదివారం ఒక క్లాసు పెట్టారు. మనుషులతో ఎలా మాట్లాడాలి, పనికి ఎవరినెలా అడగాలి, ఒకసారి కలిసిన మనిషిని మర్చిపోకుండా ఎలా ఉంచుకోవాలి, ఇవీ పాఠాలు. ఊళ్లో అందరూ దాన్ని పరిచయాల క్లాసు అనేవాళ్లు. నాయన ఆఫీసులో విని వచ్చి నాకు షరతు పెట్టాడు. క్లాసు చివర వర్తకులిచ్చే కాగితం తెస్తే కాలేజీ. తేకపోతే ఇంట్లో అమ్మకు తోడుగా ఉండిపోవడం. నాయన మాట తప్పడు, అదే నా భయం. తప్పే మనిషయితే ఏడ్చి సాధించుకునేదాన్ని.

రైల్వే స్టేషన్ దగ్గర ఒక సత్రం మేడ మీద హాల్లో క్లాసు. పదిహేడుమంది పిల్లలం, అందులో ఆడపిల్లలం ముగ్గురం. పాఠాలు చెప్పింది ఇద్దరు. ఒకాయన లారీ ఆఫీసు యజమాని. ఇంకొకామె ప్రింటింగ్ ప్రెస్సు నడిపే ఆవిడ. భర్త పోయాక ప్రెస్సు తన చేతిలోకి తీసుకుందట. వేళ్ల సందుల్లో ఎప్పుడూ సిరా మరకలే. అందరం ప్రెస్సమ్మ అనేవాళ్లం, ఆమె ఎదుట కూడా.

మొదటి ఆదివారం లారీ ఆఫీసాయన తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, "మీకు తెలిసినోళ్ల పేర్లన్నీ రాయండి" అన్నాడు. నేను పదకొండు రాశాను. తొమ్మిది మంది చుట్టాలు, పదోది పాలామె, పదకొండు పోస్టుమ్యాన్. ఆయన నా కాగితం తీసి చూశాడు.

"ఈళ్లలో నువ్వు నోరు తెరిచి సంపాదించుకున్న మనిసి ఎవురు పాపా?"

ఎవరూ లేరు. పాలామెతో మాట్లాడేది కూడా అమ్మే. ఆయన నవ్వకుండా కాగితం తిరిగి ఇచ్చి, "దీనికి పన్నెండో పేరు కలిపితే సాలు, నువ్వు పాసు" అన్నాడు. మిగతా పిల్లలకు అయిదేసి పేర్లు కలపమన్నాడని తర్వాత తెలిసింది. నా మీద జాలిపడ్డాడని అర్థమై రెండు రోజులు అన్నం సయించలేదు.

తర్వాతి ఆదివారాల్లో నమస్కారం ఎలా పెట్టాలో, ఎదుటివాళ్ల కళ్లలోకి ఎంతసేపు చూడాలో, ఏ ప్రశ్న వేస్తే మనిషి తన పని గురించి తనే చెప్పుకుంటాడో నేర్పారు. కలిసిన ప్రతి మనిషికీ మర్నాడే కార్డు ముక్క రాయాలని ప్రెస్సమ్మ పదే పదే చెప్పేది. మా చేత రాయించి, ఒక్కొక్కరి దస్తూరి దిద్దేది. రాయడంలో నాకు తిరుగులేదు. మాట్లాడే వంతు వచ్చేసరికి బెంచీ చివరికి జరిగిపోయేదాన్ని.

ఇంకొక్క ఆదివారంతో క్లాసు ముగుస్తుందనగా పరీక్ష పెట్టారు. తలా ఒక చీటీ, చీటీలో ఒక వర్తకుడి అంగడి. ఒంటరిగా వెళ్లి ఆయనతో మాట్లాడి రావాలి. వెంట ప్రెస్సమ్మ అచ్చువేసిన ఒక కాగితం తీసుకెళ్లాలి. ఈ విద్యార్థి నాతో మాట్లాడిన తీరు అని పైన ఒక వరస, కింద నాలుగు ఖాళీ గీతలు, చివర సంతకం. గీతల పైన లావుపాటి అక్షరాలతో 'వర్తకులు స్వహస్తంతో రాయవలెను' అని వేయించింది. "గుమాస్తాల చేత రాయించి పంపుతారు వీళ్లు. ఎవరి రాత ఎవరిదో నాకు తెలుసు" అన్నది. ఊళ్లో సగం అంగళ్ల బిల్లులు ఆమె దగ్గరే అచ్చవుతాయి మరి.

నా చీటీలో బజారు వీధి కర్పూరం టోకు అంగడి వచ్చింది. పక్కనున్న పిల్లాడు తొంగి చూసి, "అయ్యో, ఆయప్పా" అన్నాడు. అంతే అన్నాడు. అది చాలదా? ఆదివారం, సోమవారం, మంగళవారం ఆ 'అయ్యో' నన్ను వదల్లేదు.

బుధవారం వెళ్లాను. పొద్దున్నే పోండి, యజమానులు తీరిగ్గా ఉంటారని ప్రెస్సమ్మ చెప్పింది. ప్రెస్సుకు పొద్దున్నే ఎవరొస్తే ఏం? అంగడి సంగతి వేరు. ఆ ముక్క నాకెవరు చెప్పాలి? మా ఇంట్లో సరుకులు తెచ్చేది నాయన. గుడి మనుషులం, తెల్లవారుజామున లేవడం, పొద్దున్నే ఇంటికి ఎవరొచ్చినా లోపలికి పిలవడం మాకు అలవాటు. అంగడి తలుపులు తీసేవేళ నేను బజారులో నిలబడిందే లేదు. జనం రాకముందు వెళితే నన్ను చూసేవాళ్లు తక్కువ, నా లెక్క అంతే. నాయన సంతకాలకు వాడే పెన్ను అడిగి తీసుకున్నాను. కొండకు పోయే జనం అప్పటికే వీధిలో నడుస్తున్నారు. వాళ్లను చాటు చేసుకుని అంగడి దాకా వెళ్లాను.

ఆయన అప్పుడే తలుపు పలకలు తీసి, గడప ముందు నీళ్లు చల్లి, పటానికి కర్పూరం వెలిగించి గల్లాపెట్టెకు చూపిస్తున్నాడు. పొడుగు మనిషి. మీసాలు నెరిశాయి. నేను నేర్చుకున్న మొదటి వాక్యం నోట్లోనే ఉంది, బయటికి రావడం లేదు. ఆయన పళ్లెం దించి నా వైపు తిరిగాడు.

"ఏం పాపా, ఏం కావాల?"

వాక్యం పోయింది. ఒక్క మాట కూడా మిగల్లేదు. చేతిలో కాగితం మాత్రం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద పెన్ను పెట్టి ఆయన వైపు జరిపాను.

ఆయన కాగితం వైపు చూశాడు. మొహం మారిపోయింది. అంతవరకూ మామూలుగా ఉన్న మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏందిది? ఎవురు పంపినారు నిన్ను?"

నేను కాగితాన్ని ఇంకొంచెం జరిపాను.

"బోణీ కాలేదు ఇంగా. బోణీ కాకముందే కాయితాలు పట్టుకోని వచ్చేదా? తియ్, తియ్ ముందు."

కాగితం లాక్కుని పరిగెత్తాను. వెనక నుంచి "ఏయ్ పాపా, నిలబడు" అని అరుపు. తిరిగి చూస్తే ఆయన అంగడి దిగి వస్తున్నాడు, పంచె ఎగ్గట్టి.  గుండ్లు చేయించుకున్న యాత్రికుల గుంపు ఒకటి ఎదురొస్తే అందులో దూరి, ఎవరి కాళ్లో తొక్కి, తిట్లు తిని, గుడి వెనక సందులో తేలాను.  ఏడుపు కూడా రాలేదు. అప్పుడు చూసుకున్నాను, చేతిలో కాగితం ఉంది. నాయన పెన్ను లేదు.

మొదటి బేరం కాకుండా ఊరికే వచ్చిపోయిన మనిషి వల్ల అంగడి ఆ రోజంతా పాడవుతుందని అమ్మను అడిగి తెలుసుకున్నాను, ఎవరి గురించో అడిగినట్టు అడిగి. ఇక నా భయానికి హద్దు లేదు. ఆయన వెళ్లి ప్రెస్సమ్మకు చెబుతాడు. ఆమె నాయనకు చెబుతుంది. గేటు చప్పుడయితే ఆయనే అనుకునేదాన్ని. సాయంత్రం నాయన పెన్ను అడిగాడు. స్నేహితురాలికిచ్చాను, శనివారం ఇస్తుందని చెప్పాను. నాయనతో నేను ఆడిన మొదటి అబద్ధం అదే. ఆయన సరేనని తలూపాడు, అది ఇంకా భయంగా ఉండింది.

శనివారం మళ్లీ వెళ్లాను. ధైర్యం వచ్చి కాదు. పెన్ను తేకపోతే అబద్ధం బయటపడుతుందని, ఆ భయం ఈ భయం కంటే పెద్దదయి వెళ్లాను. ఈసారి పది దాటనిచ్చాను. ఎదురుగా సోడా బండి చాటున నిలబడి, ముగ్గురు బేరగాళ్లు సరుకు మోయించుకుని పోయేదాకా చూశాను. తర్వాత వెళ్లి, కళ్లు మూసుకున్నంత పని చేసి, "పావలా కర్పూరం ఇవ్వండి" అన్నాను.

ఆయన నన్ను గుర్తుపట్టాడు. "టోకంగడికొచ్చి పావలా కర్పూరమా?" అన్నాడు. అని, గల్లాపెట్టె పక్క నుంచి నాయన పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. "దీనికోసరమే గదా ఆ పొద్దు నీ ఎనకాల పడింది. గుర్రం మాదిరి ఉరికితివి. కూసో."

కూర్చున్నాను. పెన్ను దొరికింది కదా, లేచిపోదామని కాళ్లు లాగుతున్నాయి. కాలేజీ గుర్తొచ్చింది. నేర్చుకున్న ప్రశ్న ఒకటి బయటికి తోశాను, కర్పూరం డబ్బా మూత తీసిపెడితే ఏమవుతుందని. ఆయన నవ్వాడు. తరుగు గురించి చెప్పాడు. వానాకాలం డబ్బాలు ఎక్కడ పెట్టాలో, మంచి కర్పూరం వేళ్ల మధ్య నలిపితే ఎలా ఉంటుందో చూపించాడు. పద్నాలుగేళ్ల వయసులో శ్రీకాళహస్తి నుంచి నెత్తిన మూటతో వచ్చి ఇదే వీధిలో తట్ట పెట్టుకున్నాడట. నేను మధ్యలో రెండు మాటలు అడిగాను కూడా. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

చివరికి కాగితం తీసి ఇచ్చాను. ఆయన చేతులు బల్ల కిందికి పోయాయి.

"కండ్లద్దాలు యాడనో పెట్టినా. నువ్వే సదువు."

చదివాను. స్వహస్తంతో రాయవలెను అన్నది కూడా చదివాను. చదివి తలెత్తితే ఆయన చొక్కా జేబులో కళ్లద్దాలు కనిపిస్తున్నాయి. నేను చూడటం ఆయన చూశాడు.  బుధవారం ఆ మొహం ఎందుకు మారిందో నాకు అప్పుడు అర్థమైంది. నాకు కాళ్లు చల్లబడే చోట ఆయనకూ చల్లబడ్డాయి, అంతే. నేనేదో పులిని చూసి పారిపోయానని మూడు రోజులు అనుకున్నాను. ఆయనా కాగితాన్ని చూసి అలాగే వెనక్కి తగ్గాడు.

"నేను సెప్తా. నువ్వు రాయి" అన్నాడు.

రాశాను. ఆయన మాటల్లోనే రాశాను. "ఈ పాప భయపడతాది. మొదటి దినం పారిపాయ. మళ్లా వచ్చె. భయం లేనోళ్లు రావడం నేను శానా సూసినా. భయపడి గూడా మళ్లా వచ్చినోళ్లను తక్కువ సూసినా."

"భయపడతాదని రాయాల్నా?" అని అడిగాను.

"రాయకుంటే అబద్దమైతాది గదా."

సంతకం ఆయనే పెట్టాడు. ఒక్కొక్క అక్షరం ముగ్గు గీతలా తిప్పి తిప్పి పెట్టాడు. అది అయ్యేసరికి నుదుటికి చెమట పట్టింది. ఆయన అడగకుండానే, "ఎవురికీ చెప్పను" అన్నాను. ఆయన పెన్నుకు మూత పెట్టి నా చేతికిచ్చాడు.

చివరి ఆదివారం హాలు నిండిపోయింది. ముందు కుర్చీల్లో వర్తకులు, వెనక మా అమ్మానాన్నలు. కర్పూరం ఆయన మొదటి వరసలో భుజం మీద కండువాతో కూర్చున్నాడు. నాయన గోడ పక్కన నిలబడ్డాడు. ప్రెస్సమ్మ ఒక్కొక్కరిని పిలిచి కాగితం చదివి చేతికిస్తోంది. నా వంతు వచ్చింది. నా కాగితం చూసి ఆమె చదవలేదు. కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"ఇది నీ చేతిరాతే గదా?" అన్నది. "ఆరు వారాలు దిద్దినాను, నాకు తెలీదా? నీకు నువ్వే రాసుకోని, సంతకం మాత్రం పెట్టించుకున్నావా?"

హాల్లో గుసగుసలు ఆగిపోయాయి.  అవును రాత నాదే అంటే దొంగను, కాలేజీ పోయింది. ఎందుకు నాదో చెబితే, ముందు కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి పరువు ఊరందరి ఎదుటా పోతుంది, పైగా చెప్పనని మాటిచ్చాను. ఆయన వైపు చూశాను. తల వంచుకుని కండువా అంచు వేలికి చుట్టుకుంటున్నాడు.

"అమ్మణ్ణీ, చెప్పు" అన్నాడు గోడ పక్క నుంచి నాయన. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. ప్రాధేయపడుతున్నాడు.

 బెంచీ పట్టుకున్నాను. నోరు తెరిస్తే ఏం వస్తుందో తెలియకుండానే తెరిచాను.

"మాటలు ఆయనవి. రాత నాది. ఎందుకు నాదో నేను చెప్పను."

అంతమంది పరాయివాళ్ల ఎదుట నేను నిలబడి చెప్పిన మొదటి మాటలు అవి. అవి చెప్పడంతోనే నా కాలేజీ ముగిసిందనుకున్నాను. ప్రెస్సమ్మ పెదవి బిగించి నా కాగితాన్ని మిగతా వాటి కింద పెట్టేసింది. నాయన తల దించుకున్నాడు.

కుర్చీ జరిగిన చప్పుడయింది. కర్పూరం ఆయన లేచాడు. తన కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. ఆ కుర్చీ టకటకా కొట్టుకోవడం హాలంతా వినిపించింది.

"నాకు రాయను రాదమ్మా" అన్నాడు. "సదవనూ రాదు. సంతకం మాత్రం వస్తాది. ఇన్నేండ్లు ఎవురికీ సెప్పుకోలా. పాప సెప్పనంటా ఉండాది కాబట్టి నేనే సెప్పాల."

ఎవరూ నవ్వలేదు.  ఆయనతో ఏళ్ల తరబడి వ్యాపారం చేసినవాళ్లు ఎటు చూడాలో తెలియక ఫ్యాన్ల వైపు చూశారు. ప్రెస్సమ్మ నా కాగితం కింద నుంచి తీసింది. అందరికీ వినపడేట్టు మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివింది. చదివి కాగితం నా చేతికిచ్చింది. ఆయన కూర్చోకుండా అలాగే నిలబడి విని, చదవడం అయ్యాక మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చేదారిలో నాయనకు పెన్ను సంగతి చెప్పేశాను. ఆయన జేబులోని పెన్నును ఒకసారి తడుముకున్నాడు. మా వీధి మలుపులో, "రేపు ఆఫీసు నుంచి వస్తా దరఖాస్తు తెస్తా" అన్నాడు. నాకు సంతోషం వెయ్యలేదు. ఆ కుర్చీ చప్పుడే చెవుల్లో ఉంది.

కలిసిన మనిషికి మర్నాడు కార్డు రాయాలని కదా పాఠం. ఆ రాత్రి కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎవరికని రాయను? గుమాస్తా చేత చదివించుకోవాలి ఆయన. కార్డు పక్కన పెట్టేసి, సోమవారం బజారు వీధికి వెళ్లాను. సోడా బండి దగ్గర నిలబడి బోణీ అయ్యేదాకా చూశాను. మొదటి బేరగాడు పోయాక వెళ్లి, నావల్ల మీకు తలవంపులయింది, మిమ్మల్ని ఎప్పటికీ మర్చిపోను అని నోటితోనే చెప్పాను. గొంతు వణికింది, కానీ వాక్యం పూర్తయింది.

ఆయన తూకం రాళ్లు సర్దుతూ విన్నాడు.

"నాకూ నిన్న కాళ్లు వణికినాయి పాపా" అన్నాడు. "కూసో. ఆ పొట్లాల పేపరొకటి తియ్. ఆ పైన పెద్దచ్చరాలు ఉండాయే, ఒక్కొక్కటి ఏందో సూపించు, నేనూ నేర్చుకుంటా."